ఎంత గట్టిగా కాదు, ఎంత వేగంగా: కీబోర్డు వెలాసిటీ వెనుక భౌతికశాస్త్రం

హార్మోనియం మెట్టును మెల్లగా నొక్కినా, గట్టిగా కొట్టినా వచ్చే స్వరం ఒక్కటే. స్వరం బలం పెరగాలన్నా తగ్గాలన్నా తిత్తిని ఆడించే చేయో కాలో ఆ పని చూడాలి. పద్యనాటకాల్లో హార్మోనియం వాయించేవారి పనితనంలో పెద్ద భాగం ఈ గాలి ఒత్తిడిని అదుపులో పెట్టుకోవడంలోనే ఉంటుంది. మెట్ల మీద ఆడే వేళ్లు ఏ స్వరమో, ఎంతసేపో మాత్రమే చెబుతాయి.

కంప్యూటరుకు తగిలించిన మిడి కీబోర్డు ముందు ఈ అలవాటు చెల్లదు. హార్మోనియం మీద చేయి తిరిగిన ఒక యువకుడు ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకుని, ఒక లఘుచిత్రం కోసం లాలిపాటకు పియానో రికార్డు చేస్తున్నాడనుకుందాం. స్వరం తప్పలేదు, తాళం తప్పలేదు. తీరా వింటే ఒక స్వరం గుసగుసలా, దాని పక్క స్వరం కేకలా వినిపిస్తుంది. విసుగొచ్చి అన్ని స్వరాల బలాన్నీ కంప్యూటరులో ఒకే అంకెకు సరిచేస్తాడు. ఎగుడుదిగుళ్లు పోతాయి. వాటితోపాటు పాటలోని ప్రాణమూ పోతుంది. ఇప్పుడది పసిబిడ్డ కోసం మనిషి వాయించినట్టు ఉండదు, గడియారం కొట్టినట్టు ఉంటుంది.

అతను సరిచేసిన ఆ అంకె పేరు వెలాసిటీ. 1 నుంచి 127 వరకూ ఉండే ఈ అంకెను చాలామంది ధ్వని బలం అనుకుంటారు. నిజానికి అది ధ్వనిని కొలవదు. వేలు కీని కిందకు నెట్టిన వేగాన్ని సూచిస్తుంది. ఈ చిన్న తేడా అర్థమైతే రికార్డింగులో ఎదురయ్యే చాలా చిక్కులు వాటంతట అవే విడిపోతాయి.

సుత్తి నేర్పే పాఠం

వేగాన్నే ఎందుకు కొలవాలి? ఈ ప్రశ్నకు జవాబు అసలు పియానోలో ఉంది.

పియానోకు ముందు యూరప్‌లో ప్రచారంలో ఉన్న హార్ప్సికార్డ్‌లో కీ నొక్కితే ఒక చిన్న మొన తీగను మీటేది. వేలు ఎలా ఆడినా మీటు దాదాపు ఒకేలా పడేది. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బార్తొలొమియో క్రిస్టోఫొరి అనే వాద్య నిర్మాత మీటే మొన బదులు కొట్టే సుత్తిని అమర్చాడు. మెల్లగానూ గట్టిగానూ పలికే వాద్యం కాబట్టి ఇటాలియన్‌లో మెత్తదనానికి, బలానికి వాడే పియానో, ఫోర్టే అనే మాటలే దాని పేరులో చేరాయి.

పియానోలో కీ సుమారు 10 మిల్లీమీటర్లు కిందకు దిగుతుంది. మధ్యలో ఉన్న తులాదండాల వల్ల అదే సమయంలో సుత్తి నాలుగున్నర సెంటీమీటర్ల దాకా ప్రయాణిస్తుంది. అంటే సుత్తి వేగం కీ వేగానికి దాదాపు 5 రెట్లు. అసలు విశేషం చివర్లో ఉంది. తీగకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉండగా సుత్తికీ, కీకీ సంబంధం తెగిపోతుంది. విసిరిన రాయిలా సుత్తి ఆ కొద్ది దూరమూ స్వేచ్ఛగా వెళ్లి తీగను తాకి వెనక్కి వస్తుంది. చేయి వదిలాక రాయిని ఎలా అదుపు చేయలేమో, ఆ క్షణం తర్వాత సుత్తిని కూడా వాద్యకారుడు అదుపు చేయలేడు. తీగ దగ్గరికి చేరే సమాచారం ప్రధానంగా ఒక్కటే: సుత్తి వేగం.

వేలి స్పర్శలోని నాజూకు అంతా ఒక్క వేగంలోనే ఇమిడిపోతుందా అన్న చర్చ పాతదే. అమెరికా పరిశోధకుడు ఆటో ఆర్ట్‌మన్ 1925లో ప్రచురించిన పుస్తకంలో ఈ ప్రశ్నను ప్రయోగాలతో పరిశీలించాడు. ఇటీవలి ప్రయోగాలు దీనికి ఒక చిన్న సవరణ చేర్చాయి. వేలు కీని తాకినప్పుడు వచ్చే టక్కుమనే చప్పుడు కూడా రికార్డింగులో ఉంటే, కొట్టి వాయించిన స్వరానికీ నొక్కి వాయించిన స్వరానికీ తేడాను శ్రోతలు పట్టుకోగలుగుతున్నారు. ఆ చప్పుడును పక్కన పెడితే తీగ నుంచి వచ్చే నాదానికి సుత్తి వేగమే కీలకం. అందుకే ఎలక్ట్రానిక్ కీబోర్డులు ఆ ఒక్క రాశినే పట్టుకున్నాయి.

ఫెల్ట్ మారిస్తే నాదం మారుతుంది

సుత్తి వేగం పెరిగితే స్వరం బలంగా వినిపిస్తుంది. అంతటితో ఆగితే విషయం తేలిక. కానీ గట్టిగా వాయించిన పియానో స్వరం మెల్లగా వాయించిన దానికి పెద్దదైన నకలు కాదు. అందులో పదును, మెరుపు ఎక్కువ.

ఒక స్టీలు గ్లాసును వేలి కొసతో తడితే మందంగా మోగుతుంది. చెంచాతో తడితే ఖంగుమంటుంది. మెత్తని వేలు గ్లాసు మీద కాస్త ఎక్కువసేపు ఆని ఉండి, త్వరత్వరగా కంపించే ధ్వనులను అణచివేస్తుంది. గట్టి చెంచా తాకిన వెంటనే ఎగిరిపోతుంది కాబట్టి హెచ్చు పౌనఃపున్యాల కంపనాలూ బతుకుతాయి. పియానో సుత్తి పరిస్థితుల్ని బట్టి వేలూ కాగలదు, చెంచా కూడా కాగలదు. కారణం దాని తల చుట్టూ బిగించిన ఉన్ని ఫెల్ట్.

మామూలు స్ప్రింగును రెట్టింపు నొక్కాలంటే రెట్టింపు బలం చాలు. ఫెల్ట్ అలా ఉండదు. నొక్కే కొద్దీ అది మరింత బిర్రుగా మారుతుంది. దాని బలం నొక్కుడు లోతు యొక్క ఘాతంగా పెరుగుతుంది, ఆ ఘాతాంకం సాధారణంగా 2 కంటే ఎక్కువే ఉంటుంది. ఘాతాంకం 3 అనుకుని, తీగ కదలికను పక్కన పెట్టి సరళంగా లెక్క కడితే, సుత్తి వేగం రెట్టింపైనప్పుడు అది తీగను అంటిపెట్టుకుని ఉండే కాలం సుమారు 30 శాతం తగ్గుతుంది. ఆ కాలం మొదటే చాలా చిన్నది. మంద్రస్థాయి తీగల దగ్గర సుమారు 4 మిల్లీసెకన్లు, బాగా హెచ్చు స్థాయిలో 1 మిల్లీసెకను కంటే తక్కువ. అది ఇంకా తగ్గితే నాదంలో హెచ్చు అనుస్వరాల వాటా పెరుగుతుంది.

ఫెల్ట్ మామూలు స్ప్రింగులా ప్రవర్తించి ఉంటే ఈ సరళమైన లెక్కలో తాకిడి కాలం వేగం మీద ఆధారపడేదే కాదు. అప్పుడు గట్టిగా వాయించిన స్వరం మెల్లని స్వరానికి పెద్ద నకలుగానే ఉండేది. ఒక్క రికార్డింగు తీసుకుని ధ్వని పెంచుతూ తగ్గిస్తూ పియానో మొత్తాన్నీ కంప్యూటరులో దించేయగలిగేవారు. ఫెల్ట్‌కు ఉన్న ఈ అరేఖీయ స్వభావమే శాంపిల్ వాద్యాల తయారీని ఇంత కష్టమైన పనిగా మార్చింది.

సుత్తికీ తీగకూ మధ్య జరిగే ఈ క్షణకాలపు వ్యవహారం మన దేశంలోనూ భౌతికశాస్త్రవేత్తల్ని ఆకర్షించింది. కాంతి పరిక్షేపణ మీద చేసిన పనితో నోబెల్ అందుకోవడానికి దశాబ్దం ముందు, కలకత్తాలో వాద్యాల ధ్వనిశాస్త్రం మీద పనిచేస్తున్న సి.వి. రామన్, భవనాథ్ బెనర్జీతో కలిసి పియానో సుత్తి తాకిడి గురించి జర్మన్ శాస్త్రవేత్త కౌఫ్‌మన్ చెప్పిన సిద్ధాంతాన్ని పరిశీలించారు. ఆ వ్యాసం 1920లో లండన్ రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో వెలువడింది.

రెండు స్విచ్‌లు, ఒక గడియారం

ఎలక్ట్రానిక్ కీబోర్డులో తీగా లేదు, తీగను కొట్టే సుత్తీ లేదు. మరి వేగాన్ని ఎలా కొలుస్తుంది?

చాలా కీబోర్డుల్లో ప్రతి కీ కింద రెండు స్విచ్‌లు ఉంటాయి. కీ దిగుతున్నప్పుడు మొదట ఒకటి, కాస్త కిందకు వెళ్లాక రెండోది కలుస్తాయి. లోపలి చిప్ ఈ రెండు సంఘటనల మధ్య గడిచిన కాలాన్ని కొలుస్తుంది. దూరం తెలుసు, కాలం తెలిసింది. దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం. బడిలో నేర్చుకున్న సూత్రమే. ఖరీదైన కొన్ని కీబోర్డుల్లో మూడో స్విచ్ కూడా ఉంటుంది. కీ పూర్తిగా పైకి రాకముందే అదే స్వరాన్ని మళ్లీ పలికించడానికి అది తోడ్పడుతుంది.

బలంగా నొక్కడానికీ వేగంగా నొక్కడానికీ తేడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. కీ అడుగుకు చేరాక వేలితో ఎంత బలంగా అదిమినా వెలాసిటీ మారదు. అప్పటికే కొలత పూర్తయిపోయింది. అలా అదిమే ఒత్తిడిని కొన్ని కీబోర్డులు ఆఫ్టర్‌టచ్ పేరుతో వేరే అంకెగా పంపుతాయి.

ఈ కొలతలో ఒక సహజమైన ఇరుకు ఉంది. ఉదాహరణకు రెండు స్విచ్‌లు కలిసే స్థానాల మధ్య కీ 3 మిల్లీమీటర్లు కదులుతుందనీ, చిప్ ప్రతి మిల్లీసెకనుకు ఒకసారి స్విచ్‌లను చూసి వస్తుందనీ అనుకుందాం. మెల్లగా నొక్కితే 30 మిల్లీసెకన్లు పట్టవచ్చు. అప్పుడు వేగం సెకనుకు 10 సెంటీమీటర్లు. 31 మిల్లీసెకన్లు పడితే 9.7 సెంటీమీటర్లు. తేడా స్వల్పం. అదే గట్టిగా కొడితే 3 మిల్లీసెకన్లు చాలవచ్చు, వేగం సెకనుకు 100 సెంటీమీటర్లు. దాని పక్క కొలత 4 మిల్లీసెకన్లు, వేగం 75 సెంటీమీటర్లు. ఈ రెండింటి మధ్య చిప్‌కు మరో విలువ తెలియదు. మెల్లని వైపు నాజూకుగా కొలిచే పరికరమే గట్టి వైపుకు వచ్చేసరికి పెద్ద పెద్ద అంగలు వేస్తుంది. స్విచ్‌లను మరింత తరచుగా చూసే కీబోర్డుల్లో ఈ లోపం తగ్గుతుంది.

కీల నిర్మాణమూ ఫలితాన్ని మారుస్తుంది. కీ ఒక తులాదండం. ముందు అంచున నొక్కితే తేలిగ్గా దిగుతుంది, వెనక్కి జరిగి ఇరుసుకు దగ్గరగా నొక్కితే ఎక్కువ బలం కావాలి. అందుకే ఒకే ఊపుతో నొక్కినా తెల్ల కీ ముందు భాగానికీ, వెనుక భాగానికీ, నల్ల కీకీ వేర్వేరు అంకెలు రావచ్చు. లాలిపాటలో కొన్ని స్వరాలు ఊరికే అణగిపోవడానికి ఇదొక కారణం.

127 ఎక్కడి నుంచి వచ్చింది

కొలిచిన వేగాన్ని అంకెగా మార్చి పంపే భాషే మిడి. మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ డిజిటల్ ఇంటర్‌ఫేస్ అన్నదానికి పొట్టి పేరు. వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలన్న ఆలోచనతో అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ కంపెనీ స్థాపకుడు ఇకుతారో కాకెహాషి తదితరులు దీన్ని రూపొందించారు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ వాద్య ప్రదర్శనలో ప్రాఫెట్-600, జూపిటర్-6 అనే రెండు సింథసైజర్లను తీగతో కలిపి, ఒకదాని మీద వాయిస్తే మరొకటి పలకడం చూపించారు. తమాషా ఏమిటంటే ఆ రెండింటి కీలకూ వేగాన్ని కొలిచే ఏర్పాటే లేదు. అయినా భాషలో వెలాసిటీకి చోటు ఉంచారు. కొలవలేని కీబోర్డు మధ్యస్థంగా 64 అని పంపాలని నియమం పెట్టారు. ఈ కృషికి స్మిత్, కాకెహాషి 2013లో టెక్నికల్ గ్రామీ అందుకున్నారు.

మిడిలో ఒక స్వరం మొదలైందని చెప్పడానికి మూడు బైట్లు పడతాయి: ఇది స్వరారంభం అనే సంకేతం, ఏ స్వరం, ఎంత వెలాసిటీ. బైట్‌లో 8 బిట్లు ఉన్నా, ఇది సంకేతమా సమాచారమా అని చెప్పడానికి ఒక బిట్ ఖర్చవుతుంది. మిగిలిన 7 బిట్లతో 0 నుంచి 127 వరకూ 128 విలువలు వస్తాయి. అందులో సున్నాకు స్వరం ఆగిపోయిందని అర్థం ఇచ్చారు. కాబట్టి వాద్యకారుడి చేతికి మిగిలినవి 127 మెట్లు. ఆనాటి మిడి తీగ సెకనుకు 31,250 బిట్లు మోస్తుంది. ఆ లెక్కన ఒక స్వరారంభ సందేశం చేరడానికి దాదాపు 1 మిల్లీసెకను చాలు. తక్కువ ఖర్చుతో తేలిగ్గా అమర్చుకునే పద్ధతికి ఇది సరిపోయింది.

పొరలు పొరలుగా ఒక పియానో

శాంపిల్ వాద్యం అంటే అసలు వాద్యం పలికిన స్వరాల రికార్డింగుల భాండారం. కీ నొక్కగానే కంప్యూటరు తగిన రికార్డింగును వెతికి వినిపిస్తుంది. వేగంతో నాదగుణమే మారుతుంది కాబట్టి ఒక్కో స్వరాన్ని మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా ఇలా అనేకసార్లు రికార్డు చేస్తారు. వీటినే వెలాసిటీ పొరలు అంటారు.

127 మెట్లకూ 127 పొరలు తీస్తే సరిపోదా? లెక్క చూద్దాం. పియానోకు 88 కీలు. 5 పొరలు, పెడల్ నొక్కి ఒకసారి, నొక్కకుండా ఒకసారి తీస్తే 880 రికార్డింగులు. ఒక్కోటి 20 సెకన్లు, 24 బిట్ల స్టీరియో, సెకనుకు 44,100 నమూనాల చొప్పున అయితే మొత్తం 4.6 గిగాబైట్లు దాటుతుంది. 127 పొరలైతే 118 గిగాబైట్లు. రికార్డింగు గదిలో పట్టే సమయం సరేసరి. అందుకే తయారీదారులు కొన్ని పొరలతో సర్దుకుంటారు. ఉచితంగా దొరికే సాలమాండర్ గ్రాండ్ పియానోలో 16 పొరలున్నాయి. అందులోనూ ప్రతి కీనీ కాకుండా మూడు కీలకు ఒకదాన్ని రికార్డు చేసి, మధ్య స్వరాలను వాటి నుంచే శ్రుతి మార్చి తయారు చేశారు.

పొరలు తక్కువైనప్పుడు వాటి సరిహద్దులు వినిపిస్తాయి. ఒక వాద్యంలో 1 నుంచి 40, 41 నుంచి 75, 76 నుంచి 105, 106 నుంచి 127 అని నాలుగు పొరలు ఉన్నాయనుకుందాం. లాలిపాట వాయిస్తున్న వేళ్లు 70కీ 80కీ మధ్య ఊగుతుంటే స్వరాలు రెండో పొరకూ మూడో పొరకూ మధ్య గెంతుతుంటాయి. 75కూ 76కూ వేలికి తేడా తెలియదు. చెవికి మాత్రం మెత్తని పియానో పక్కన పదునైన పియానో ఉన్నట్టు తోస్తుంది. గుసగుస పక్కన కేక వినిపించడానికి ఇది మరో కారణం. మంచి వాద్యాల్లో ఈ సరిహద్దుల దగ్గర రెండు పొరలనూ కలగలిపి మెత్తగా దాటిస్తారు.

దీనికి వ్యతిరేక దిశలో ఇంకో చిక్కుంది. అన్ని స్వరాలనూ ఒకే వెలాసిటీకి సరిచేస్తే ఒకే రికార్డింగు మళ్లీ మళ్లీ అచ్చుగుద్దినట్టు వినిపిస్తుంది. వెంటవెంటనే వచ్చే దెబ్బల్లో ఇది మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది. స్టూడియో భాషలో దీన్ని మెషిన్‌గన్ ఎఫెక్ట్ అంటారు. దీనికి విరుగుడుగా ఒకే పొరలో రెండు మూడు వేర్వేరు రికార్డింగులు ఉంచి వంతులవారీగా వినిపిస్తారు.

అంకె డెసిబెల్ అయ్యే దారి

ఒక కీబోర్డు నుంచి 64 బయలుదేరింది. అది ఎంత ధ్వనిగా వినిపించాలి? మిడి ప్రమాణం ఈ విషయాన్ని వాద్యాల తయారీదారులకే వదిలేసింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోజర్ డానెన్‌బర్గ్ 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే వెలాసిటీకి వేర్వేరు సింథసైజర్లు ఇచ్చే ధ్వని చాలా తేడాగా ఉందని చూపించారు. మొత్తం మీద చూస్తే వర్గ నియమం, అంటే వెలాసిటీ వర్గానికి అనుగుణంగా కంపన పరిమితి పెరగడం, వాస్తవానికి దగ్గరగా ఉందని ఆయన సూచించారు.

వర్గ నియమం ప్రకారం 127 దగ్గరి ధ్వనితో పోలిస్తే 100 దగ్గర సుమారు 4 డెసిబెల్‌లు తగ్గుతుంది. 64 దగ్గర 12, 32 దగ్గర 24 డెసిబెల్‌లు తగ్గుతుంది. అంకె సగమైతే కంపన పరిమితి నాలుగో వంతు అవుతుందన్నమాట. అదే వాద్యం వర్గ నియమం బదులు సరళ నియమం పాటిస్తే 64 దగ్గర తగ్గేది 6 డెసిబెల్‌లే. ఒక వాద్యంలో లాలించిన చేతులే మరో వాద్యంలో దబాయించినట్టు వినిపించడంలో వింత లేదు. వేళ్లు మారలేదు, అంకెకు అర్థం మారింది.

అంటే వేలికీ చెవికీ మధ్య రెండు అనువాదాలు జరుగుతున్నాయి. వేగాన్ని అంకెగా మార్చేది కీబోర్డులోని వెలాసిటీ కర్వ్. అంకెను నాదంగా మార్చేది శాంపిల్ వాద్యంలోని స్పందన. ఈ రెండూ ఒకదానికొకటి పొసగనప్పుడు వాద్యకారుడు తన చేతులదే తప్పనుకుంటాడు.

రికార్డింగు గదిలో ఏం చేయవచ్చు

మొదటి పని కర్వ్ సరిచూసుకోవడం. చాలా కీబోర్డుల్లో సాఫ్ట్, నార్మల్, హార్డ్ వంటి పేర్లతో కొన్ని కర్వ్‌లు ఉంటాయి. పేర్ల అర్థం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి పరీక్షించి చూడటమే మేలు. వీలైనంత మెల్లగా మొదలుపెట్టి వీలైనంత గట్టిగా ముగిసేలా ఒక ఆరోహణ వాయించి, రికార్డయిన అంకెలు చూడాలి. సహజంగా వాయిస్తున్నప్పుడు ఎక్కువ స్వరాలు మధ్యలో పడి, గట్టిగా కొట్టినప్పుడే 120 దాటితే కర్వ్ చేతికి సరిపోయినట్టు. మామూలు ఊపుకే 127 తగులుతుంటే పై మెట్లన్నీ ఒకే మెట్టుగా కలిసిపోయాయని అర్థం. అలా కోల్పోయిన తేడాలను తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

రెండో పని, నాదాన్నీ ధ్వని స్థాయినీ వేరుగా చూడటం. గొంతెత్తి అరిచినవాడి ధ్వనిని మైకులో తగ్గించినా అది గుసగుస కాదు. గుసగుసను మైకులో పెంచినా అరుపు కాదు. పాట మెత్తగా ఉండి అందరికీ వినబడాలంటే వెలాసిటీ తక్కువగా ఉంచి, ట్రాక్ వాల్యూమ్ పెంచాలి. పై ఉదాహరణలో 70కీ 80కీ మధ్య ఊగిన స్వరాలన్నిటి నుంచీ 15 తీసేస్తే అవి 55 నుంచి 65 మధ్యకు, ఒకే పొరలోకి వస్తాయి. తగ్గిన ధ్వనిని వాల్యూమ్ భర్తీ చేస్తుంది.

మూడోది, సరిచేయడం అంటే చదును చేయడం కాదని గుర్తుంచుకోవడం. వెలాసిటీలు 30కీ 110కీ మధ్య చెదిరి, సగటు 70 ఉందనుకుందాం. అన్నిటినీ 70 చేసే బదులు సగటు నుంచి ఒక్కో స్వరం ఎంత దూరంలో ఉందో ఆ దూరాన్ని 60 శాతానికి కుదించవచ్చు. అప్పుడు 110 కాస్తా 94 అవుతుంది, 30 కాస్తా 46 అవుతుంది. ఏ స్వరం దేనికంటే బలమైనదో ఆ వరస చెక్కుచెదరదు. సమ మీద పడిన ఒత్తు ఒత్తుగానే ఉంటుంది, పల్లవి చివర తగ్గిన స్వరం తగ్గే ఉంటుంది. చదును చేసిన ట్రాక్‌కు తర్వాత కంప్యూటరుతో యాదృచ్ఛికంగా హెచ్చుతగ్గులు చేర్చినా అదే ఫలితం రాదు. మనిషి వాయించినప్పుడు వచ్చే హెచ్చుతగ్గులు గుడ్డిగా రావు, అవి పాట నడకను అనుసరిస్తాయి. కీల వేగాన్ని కాంతి సెన్సర్లతో నమోదు చేసే గ్రాండ్ పియానోల మీద పోటీల్లో వాయించిన సుమారు 200 గంటల సంగీతంతో మాస్ట్రో అనే డేటాభాండారం తయారైంది. పియానో సంగీతం మీద పనిచేసే కృత్రిమ మేధ పరిశోధకులు ఇప్పుడు దాన్ని విస్తృతంగా వాడుతున్నారు. అందులో ప్రతి స్వరం పక్కన దాని వెలాసిటీ కూడా ఉంటుంది.

మన వాద్యాలకు ఒక్క అంకె చాలదు

వెలాసిటీ కొట్టే వాద్యాల నుంచి పుట్టిన ఆలోచన. అన్ని వాద్యాలకూ అది అతకదు.

మృదంగం కొట్టే వాద్యమే. దాని మూత మీది నల్లని ముద్ద వల్ల మామూలు డోళ్లకు లేని శ్రుతిబద్ధమైన అనుస్వరాలు పలుకుతాయని రామన్, శివకాళి కుమార్‌తో కలిసి 1920లోనే నేచర్ పత్రికలో రాశారు. అయితే అందులో నం, ది, చాపు వంటి దెబ్బల మధ్య తేడా వేగంలో లేదు. చేయి ఎక్కడ పడింది, ఎన్ని వేళ్లు తాకాయి, తాకి నిలిచాయా లేచాయా అన్నదాంట్లో ఉంది. ఎంత గట్టిగా కొట్టినా నం చాపు కాదు. అందుకే మృదంగం శాంపిళ్లలో ఒక్కో దెబ్బకు ఒక్కో కీ కేటాయించి, ఆ దెబ్బలోని బలానికి మాత్రమే వెలాసిటీని వాడటం సబబు.

వీణలో మీటు బలాన్ని వెలాసిటీ చెప్పగలదు. మీటిన తర్వాత తీగను లాగి పలికించే గమకాన్ని చెప్పలేదు. దానికి స్వరాన్ని వంచే పిచ్ బెండ్ కావాలి. నాదస్వరం సంగతి మరీ వేరు. ఊదుతున్నంతసేపూ గాలి ఒత్తిడి మారుతూనే ఉంటుంది. స్వరం మొదలైన క్షణంలో ఒకసారి కొలిచి ఊరుకునే అంకె దాన్ని పట్టుకోలేదు. ఇలాంటి వాద్యాలకు స్వరం సాగుతుండగానే మార్చగల ఎక్స్‌ప్రెషన్ పెడల్, మాడ్యులేషన్ వీల్, ఊపిరితో నడిచే బ్రెత్ కంట్రోలర్ వంటివి వాడతారు. ఒక చేయి కీల మీద, మరో చేయి వీల్ మీద ఉంచి వాయించేవారిని గమనిస్తే హార్మోనియం తిత్తి గుర్తొస్తుంది. హార్మోనియం దగ్గర నేర్చిన విద్య అక్కడ మళ్లీ అక్కరకొస్తుంది.

65,536 మెట్లు వస్తే?

2020 జనవరిలో ఆమోదం పొందిన మిడి 2.0లో వెలాసిటీకి 16 బిట్లు కేటాయించారు. 127 మెట్ల స్థానంలో 65,536 విలువలు. సున్నాకు ఉన్న ప్రత్యేక అర్థాన్నీ తొలగించారు. అయితే గొలుసు బలం దాని బలహీనమైన కడియంలోనే ఉంటుంది. రెండు స్విచ్‌ల మధ్య కాలాన్ని 3, 4 మిల్లీసెకన్లుగా మాత్రమే కొలవగల కీబోర్డుకు 65,536 మెట్లు ఇచ్చినా అది వాడుకోలేదు. నాలుగు పొరలే ఉన్న వాద్యం ఎన్ని మెట్లు వచ్చినా నాలుగు రకాల నాదాలనే పలుకుతుంది. కొలిచే సెన్సర్, మోసే భాష, పలికే శాంపిల్ మూడూ కలిసి ఎదిగినప్పుడే వేలి నాజూకు చెవిదాకా చేరుతుంది.

అప్పటిదాకా చేతిలో ఉన్న 127 మెట్లనే తెలుసుకుని వాడుకోవాలి. అందుకు ఒక తేలికైన పరీక్ష ఉంది. ఒకే కీని ఒకే బలంతో పదిసార్లు వాయించాలని ప్రయత్నించి, నమోదైన పది అంకెలూ చూడాలి. తర్వాత అదే పని నల్ల కీ మీద, తెల్ల కీ వెనుక భాగం మీద చేయాలి. చేతి నిలకడ ఎంత, కీబోర్డు స్వభావం ఎంత అన్నది కళ్లముందు కనిపిస్తుంది. ఆ పైన శాంపిల్ వాద్యాన్ని తెరిచి, వెలాసిటీని ఒక్కో మెట్టే పెంచుతూ వింటే నాదం ఎక్కడెక్కడ గెంతుతుందో తెలుస్తుంది. ఆ సరిహద్దులను ఒక కాగితం మీద రాసుకుని లాలిపాట మళ్లీ మొదలుపెడితే, ఈసారి కంప్యూటరులో సరిచేయాల్సినవి కొన్ని స్వరాలే మిగులుతాయి.